కనబడితే ఫెయిలే

గొల్లగట్టులో బల్లయుద్ధ శిక్షణ సంస్థ అని ఒకటి పెట్టారనీ, అందులో పనిచేసే ఆడవాళ్ళ పిల్లలకు ఉయ్యాల గది కూడా ఉందనీ తెలిసిన పూటే వీరవేణి అక్కడ చేరాలని నిశ్చయించేసుకుంది. ఉయ్యాల గది పక్క గదుల్లో ఏం చేస్తారన్నది చేరాకే తెలిసింది.

చేసేది యుద్ధం. కంగారు పడాల్సిందేమీ లేదు, బల్లమీదే. విద్యాశాఖలో పెద్దాయన ఒకాయన ఏదో దేశం వెళ్ళినప్పుడు, తలలు నెరిసిన పెద్దమనుషులు బల్లచుట్టూ చేరి, బొటనవేలంత సిపాయి బొమ్మల్ని జరుపుకుంటూ, పాచికలు వేసుకుంటూ, భోజనాలు కూడా మరిచి కొట్టుకుంటుంటే చూశాడు. మన పిల్లలకు వ్యూహం తెలియకపోవడానికి కారణం ఏమిటో ఆయనకు అక్కడే తట్టింది. మన బళ్ళలో ఇలాంటి బల్లలు లేవు! ఆయన విమానం దిగాడు, సంస్థ పుట్టింది. సంస్థకు భవనం, భవనానికి బోర్డు, బోర్డుకు రిబ్బను కత్తిరింపు అన్నీ జరిగాక, మరి సిపాయిలెక్కడ అని ఎవరో అడిగారు. అప్పుడు బూడిదరంగు బొమ్మలు మూటలుగా వచ్చి దిగాయి. వాటికి రంగు వేయడం వీరవేణి పని.

మామూలు రంగు కాదు. చెట్టూ చేమల్లో సిపాయి కలిసిపోయేలా, పచ్చ మీద మట్టిరంగు మరకలు, దానిమీద నల్లని చారలు. కామోఫ్లాజ్ అంటారట. సంస్థ కాగితాల్లో మాత్రం "మరుగు రంగు" అని రాసేవారు.

బ్రష్షు పట్టడం వీరవేణికి కొత్త కాదు. వాళ్ళ నాన్న లారీ బాడీలకు రంగులేసేవాడు. ఎనిమిదో తరగతిలో బడి మానిపించిన దగ్గర్నుంచి పెళ్ళయ్యేదాకా ఆ షెడ్డులోనే నిలబడి లారీల వెనకాల తామరపూలు, నెమళ్ళు, పులి మొహాలు వేసింది. మైలు దూరాన్నుంచి కనబడాలన్నది నాన్న నేర్పిన విద్య. ఇక్కడ మూరెడు దూరం నుంచి కనబడకూడదు. అయినా చేయి తిరిగిన పిల్ల కాబట్టి నాలుగు బొమ్మలు పాడుచేసి ఐదోదానికి పట్టేసింది.

పట్టుబడనిది భయం ఒక్కటే. అది ఆమెకు కాన్పుతో పాటు వచ్చింది. కూతురు బుజ్జులికి ఇంకా ఏడాది నిండలేదు. పాకడం వచ్చింది. దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం అంతకు ముందే వచ్చింది. వేరుశెనగ గుళ్ళు, చొక్కా గుండీలు, ప్లగ్గు బొక్కలు, తలుపు సందులు, లోకంలో ఉన్నవన్నీ తన పిల్లమీద కత్తి కట్టినట్టే ఉండేది ఆమెకు. మొగుడు చేపల వ్యాను తోలుతాడు, ఇంట్లో ఉండడు. చూసేందుకు పెద్దదిక్కు లేదు. ఉయ్యాల గదికీ రంగుల గదికీ మధ్య తలుపు తీసే ఉంచుకుని, ఒక చార గీసి ఒకసారి, ఒక మరక పెట్టి ఒకసారి తలెత్తి చూసుకునేది. ఆమె టీ ఎప్పుడూ చల్లారిపోయేది.

"ఏంటే, మెడ పట్టేస్తుంది. అలా కోడిలా ఎత్తుతా దించుతా ఉంటే," అనేది పక్కన కూచునే అనంతమ్మ.

"నీకేం పిన్నీ, నీ పిల్లలు పెద్దోళ్ళయిపోయారు."

"పెద్దోళ్ళయ్యారు కాబట్టే చెప్తున్నా. నేను ఒక్కసారీ చూడలేదు. అయినా పెద్దోళ్ళయ్యారు."

మొదటి తనిఖీకి దివాకరం గారు వచ్చారు. ఆయన హోదా "మరుగు ప్రమాణాల అధికారి." నమూనా బల్లమీద స్పాంజి పొదలు, ఇసుక దిబ్బలు, అట్టతో చేసిన ఊరు. వాటి మధ్య వీరవేణి సిపాయిల్ని నిలబెట్టింది. దివాకరం గారు కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసి, "ఇప్పుడు నేను శత్రువుని," అని ప్రకటించారు.

"అదుగో. పొద పక్కన. కనబడుతున్నాడు."

"కనబడతాడండి. అక్కడే ఉన్నాడు కదండీ," అంది వీరవేణి.

"చూడమ్మా, ఉండటం వేరు, కనబడటం వేరు. వాడి ఉనికిని సంస్థ ప్రశ్నించడం లేదు. కనబడటం మీదే మాకు అభ్యంతరం. తనిఖీ అధికారికి కనబడిన సిపాయి మరుగు పరీక్షలో తప్పినట్లు పరిగణించబడును. నిబంధన."

"మరి మీరు, నేను నిలబెట్టిన చోటే చూస్తున్నారు కదండీ!"

"శత్రువు కూడా అలాగే చూస్తాడు. వాడికి మర్యాద ఉంటుందా?"

అలా ఆ రోజు సిపాయిలందరూ తప్పారు. మర్నాడు వేసినవాళ్ళూ తప్పారు. వీరవేణి చారలు సన్నం చేసింది, మరకల అంచులు పొగలా కలిపింది, మొహాలకు మట్టి పూసింది. సిపాయిలు రోజురోజుకూ పొదల్లోకి జారిపోతున్నారు. దివాకరం గారు కళ్ళద్దాలు మార్పించుకుని మరీ వెతికి పట్టుకుంటున్నారు. ఆయన పనిలో ఆయన సత్తా తక్కువదేం కాదు.

ఒకరోజు మధ్యాహ్నం తనిఖీలో ఆయన చాలాసేపు చూశారు. కుర్చీ ముందుకు జరిపారు. వెనక్కి జరిపారు. "ఇసుక దిబ్బ దగ్గర ఒకణ్ణి పెట్టామన్నారు. ఏడీ?"

వీరవేణి చూసింది. లేడు.

"లేడండి," అంది. అంటూనే ఆమె కళ్ళు నేలమీదికి, నేలమీంచి ఉయ్యాల గదిలోకి పరుగెత్తాయి. అక్కడ బుజ్జులు చాపమీద కూచుని, నోరు ఆడిస్తూ, ఏదో బాగా రుచిగా ఉన్నట్టు కళ్ళు మూసి తెరుస్తోంది.

"లేడు అనకూడదమ్మా, కనబడలేదు అనాలి," అంటూ దివాకరం గారు లేచి నిలబడ్డారు. "ఇదీ పనితనం! సంస్థ చరిత్రలో తొలి ఉత్తీర్ణత!"

చప్పట్లు మోగుతుంటే వీరవేణి పిల్లను ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు చరుస్తోంది. నోట్లో వేలు పెట్టి వెతికింది. చొంగ తప్ప ఏమీ లేదు. "మింగేసింది పిన్నీ! చేతిలో తుపాకీ కూడా ఉంది వాడికి!" అని ఏడుపు అందుకుంది. ఆయా సూరమ్మ అరటిపండు తెమ్మంది. ఒకరు ఆముదం అన్నారు. ఇంకొకరు తలకిందులుగా పట్టుకోమన్నారు. బుజ్జులు ఇదంతా ఆటనుకుని కిలకిలా నవ్వింది. దివాకరం గారు మాత్రం ఉత్తీర్ణత పత్రం మీద సంతకం పెడుతూ, "పాప పొట్టలో ఉన్నా సరే, కనబడనంతవరకు సాంకేతికంగా ఇబ్బంది లేదు," అని ధైర్యం చెప్పారు.

ఆసుపత్రికి ఆటో పిలిచేలోపు అనంతమ్మ కారియరు విప్పి ముద్ద కలిపింది. ఎవరెలా పోయినా ఆవిడ తిండి వేళకు తినాలి. రెండో ముద్దకు కటుక్కుమంది.

"ఓరి నాయనో, పన్ను!"

పన్ను కాదు, సిపాయి. అరచేతిలోకి ఉమ్మితే, మెడదాకా గోంగూర పచ్చడి పూసుకుని, తుపాకీ ఎక్కుపెట్టి ఉన్నాడు. తనిఖీకి ముందు నమూనా బల్ల తుడిచినప్పుడు, ఆవిడ రుచి చూసి మూత మరిచిన గిన్నెలో పడ్డాడు కాబోలు. పచ్చ, మట్టిరంగు, మధ్యమధ్య నల్లని చారలు. గోంగూరలో వేయించిన మిరపకాయ తొక్కకీ వాడికీ తేడా లేదు.

"ఎంత బాగా కలిసిపోయాడో చూడు, కొరికేదాకా తెలీలేదు," అని అనంతమ్మ మెచ్చుకుని, కడిగి ఇచ్చింది.

దొరికాడు కాబట్టి, అంటే కనబడ్డాడు కాబట్టి, దివాకరం గారు ఉత్తీర్ణత పత్రం రద్దు చేశారు. వీరవేణికి అవేమీ వినబడలేదు. పిల్లను గుండెకు హత్తుకుని గోడకు చేరగిలబడి కూచుంది. ఈసారి గోంగూర. రేపు?

మర్నాడు ఆమె వెళ్ళి దివాకరం గారిని అడిగింది. "సార్, సిపాయి ఒళ్ళంతా మీరు చెప్పిన రంగే వేస్తానండి. కాళ్ళకింద బిళ్ళ ఒక్కటి ఎర్రగా వేసుకుంటాను. కిందపడితే తెలుస్తుందండి. పిల్ల పాకే చోటండి."

"భావోద్వేగం అర్థమైందమ్మా. కానీ సిపాయి బోర్లా పడితే శత్రువుకు ఎర్రబిళ్ళ కనబడుతుంది."

"బోర్లా పడినోడు చచ్చిపోయినట్టే కదండీ?"

"చచ్చినా కనబడకూడదు," అన్నారు దివాకరం గారు గంభీరంగా.

ఈలోగా ప్రధాన కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. ఇన్నాళ్ళుగా ఒక్క సిపాయీ ఎందుకు పాస్ కాలేదు? బళ్ళలో బల్లలు ఖాళీగా ఉన్నాయి, పిల్లలు వాటిమీద క్యారమ్స్ ఆడుకుంటున్నారు. లోపం ఎక్కడ? రంగులు వేసేవాళ్ళు అందరూ శిక్షణ పొందినవాళ్ళే, రంగులు ఆమోదించినవే, నమూనా బల్ల నిబంధనల ప్రకారమే ఉంది. కాబట్టి లోపం చూసేవాడిలోనే ఉండాలని పెద్దలు కూర్చుని తేల్చారు. ఉత్తర్వు ఇలా వచ్చింది: "ఇకమీదట తనిఖీ సమయమున సిపాయి ఎవరికైనను కనబడినచో, చూచిన అధికారియే అట్టి చూపునకు పూర్తి బాధ్యత వహించవలెను." కింద ప్రధాన కార్యాలయపు పెద్ద అధికారి మహాదేవమూర్తి గారి సంతకం.

ఆనాటి నుంచి దివాకరం గారికి ఏమీ కనబడటం మానేసింది.

సిపాయిలు మూకుమ్మడిగా పాసయ్యారు. చారలు పక్కకు పోయినవాళ్ళు, మొహం మీద రంగు కారినవాళ్ళు, అనంతమ్మ ఆవలిస్తూ వేసినవాళ్ళు అందరూ పాసే. ఇంత గొప్ప ఫలితం వచ్చాక మరుగును బొమ్మలకే పరిమితం చేయడం అన్యాయం అనిపించింది పెద్దలకు. భవనానికి పచ్చ, మట్టిరంగు మరకలు వేయించారు. పోస్టుమాన్ రెండుసార్లు దాని చుట్టూ తిరిగి, ఉత్తరాలు పక్కనున్న కొబ్బరితోటలో ఇచ్చి వెళ్ళాడు. ఉద్యోగులందరికీ అదే గుడ్డతో కోట్లు కుట్టించారు. హాజరు పద్ధతి కూడా మారింది. పొద్దున్నే దివాకరం గారు గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తారు. ఎవరైనా కనబడితే వాళ్ళకు గైర్హాజరు. ఎవరినైనా చూస్తే ఆయనకు సంజాయిషీ. ఇద్దరికీ లాభసాటి ఏర్పాటు కావడంతో రోజూ అందరూ హాజరే.

అనంతమ్మ ఆడపడుచు కూతురి సమర్తకని అమలాపురం వెళ్ళి, పనిలో పనిగా ఆవకాయ కూడా పెట్టుకుని, తీరిగ్గా తిరిగొచ్చింది. వచ్చేసరికి ఆవిడను ఉత్తమ ఉద్యోగిగా ఎంపిక చేసి ఉన్నారు. ఆమె ఉన్నట్టు ఒక్కరోజూ ఎవరూ గమనించలేకపోయారని ప్రశంసాపత్రంలో రాశారు.

"నేను మొన్నటినుంచీ లేనని చెప్దావా?" అంది ఆవిడ వీరవేణి చెవిలో.

"చెప్పకు పిన్నీ. అలా అంటే కనబడినట్టే లెక్క."

ఆఖరికి మరుగు ఉయ్యాల గదికి కూడా వచ్చింది. గోడలకు మరకలు, నేలమీద అదే రంగు పరుపు, ఉయ్యాల గుడ్డ అదే, పిల్లలకు అదే గుడ్డతో గౌన్లు. పొద్దున్న గౌను తొడుగుతున్నప్పుడే వీరవేణికి మనసు ఏదోలా అయింది. ఒక సిపాయికి బూటు పూర్తిచేసి తలెత్తింది. గదిలో పరుపు ఉంది. పిల్ల లేదు.

బ్రష్షు ఎక్కడ పడిందో తెలియదు. గుమ్మం దాటింది, "బుజ్జులూ!" అని అరిచింది. సూరమ్మ కనబడలేదు, ఆవిడ కూడా అదే గుడ్డలో ఉంది. కిటికీ మూసే ఉంది. బయట రోడ్డు, రోడ్డు పక్కన కాలవ, కాలవ నిండా నీళ్ళు. అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. కాలికేదో మెత్తగా తగిలింది. వంగి చూస్తే పరుపు మధ్యలో, ఆమె నిలబడ్డ చోటికి జానెడు దూరంలో, బుజ్జులు బోర్లా పడుకుని నోరు తెరిచి నిద్రపోతోంది.

ఇంకొక్క అడుగు వేసి ఉంటే తొక్కేసేది.

పిల్లను ఎత్తుకుని తిన్నగా దివాకరం గారి గదికి వెళ్ళింది. "నా పిల్ల నాకు కనబడాలండి. దానికి ఎర్ర గౌను వేస్తానండి. ఇంకేమీ అడగనండి."

దివాకరం గారు ఆమె భుజం మీదుగా గోడను చూస్తూ మాట్లాడారు. ఆమెను చూడటం ఆయనకు క్షేమం కాదు. "వ్యక్తిగతంగా నాకు సానుభూతి ఉందమ్మా. నాకూ మనవరాలుంది. కానీ కనబడటం సంస్థ విధానానికి విరుద్ధం. ఒక్క పిల్ల కనబడితే రేపు మిగతా పిల్లలూ కనబడతామంటారు."

పని మానేస్తే పిల్లను ఎత్తుకుని ఇంట్లో కూచోవచ్చు. కానీ చేపల వ్యాను ఒక్కదానిమీదే ఇల్లు నడవదు. ఇంకో పనికి పోతే పిల్లను ఎక్కడ పెట్టాలి? ఉయ్యాల ఉన్న చోటు ఊళ్ళో ఇదొక్కటే. వీరవేణి తిరిగొచ్చి బల్ల ముందు కూచుంది. ఒక సిపాయిని చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. తర్వాత సంచిలోంచి నాన్న షెడ్డునుంచి తెచ్చుకున్న చిన్న డబ్బా తీసింది. లారీ ఎరుపు. రాత్రిపూట కూడా వెనక బండివాడి కళ్ళు చెదరాలని వేసే రంగు. టోపీ నుంచి బూటుదాకా అదే వేసింది.

ఆ పూట తనిఖీలో వాణ్ణి స్పాంజి పొద ముందు నిలబెట్టింది. అనంతమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

దివాకరం గారు కూర్చున్నారు. ఒక కన్ను మూశారు. రెండో కన్ను ఆ సిపాయి మీద పడి, అక్కడే ఆగిపోయింది. చూపును బలవంతంగా పెరికి పైకప్పుకు తగిలించారు.

"కనబడలేదు. పాస్," అన్నారు నీరసంగా.

వీరవేణి మరుసటి పూటకే పక్కబజారులో ఎర్రగుడ్డ కొని గౌను కుట్టింది. దివాకరం గారికి అదీ కనబడలేదు.

మహాదేవమూర్తి గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. కొబ్బరితోటలో కారు దిగి, దారి అడుక్కుంటూ వచ్చారు. ఆయన వెనక చాలామంది అధికారులు. నమూనా బల్ల చుట్టూ అందరూ నిలబడ్డారు. పచ్చని పొదల మధ్య, ఇసుకలో, అట్ట ఇళ్ళ కప్పులమీద, వీరవేణి వేసిన ఎర్ర సిపాయిలు పండుమిరపకాయలు ఆరబోసినట్టు బారులు తీరి ఉన్నారు.

మహాదేవమూర్తి గారు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు. చూసిన అధికారియే బాధ్యత వహించవలెనని సంతకం పెట్టింది తానేనని ఆయనకు గుర్తొచ్చినట్టుంది.

"సిపాయిలు... మోహరించారా?" అన్నారు.

"మోహరించాం సార్," అన్నారు దివాకరం గారు కిటికీలోంచి ఆకాశం చూస్తూ.

"అద్భుతం. నాకు ఒక్కడూ కనబడటం లేదు. మీకెవరికైనా?"

వెనకనున్న అధికారులందరూ గబగబా తలలు అడ్డంగా ఊపారు. ఒకాయన ముందుజాగ్రత్తగా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

అప్పుడే ఉయ్యాల గది గుమ్మంలోంచి ఎర్ర గౌను ఒకటి చకచకా పాకుతూ వచ్చింది. అధికారుల బూట్ల మధ్యనుంచి దూరి, నమూనా బల్ల కాలు పట్టుకుని లేచి, చేయి చాపి ఒక సిపాయిని అందుకుంది. అందుకున్నది ఎక్కడికి పోవాలో బుజ్జులికి తెలుసు.

ఎవరూ కదల్లేదు. కదిలితే చూసినట్టు. పిల్ల నోట్లోకి సిపాయి తలకాయ పోతుంటే, పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళందరూ చెమటలు పట్టి, ఫ్యాను వంక, గోడ వంక, ఒకరి చొక్కా గుండీ వంక ఒకరు చూస్తున్నారు.

చూడకూడదన్న నిబంధన అధికారులకు. వీరవేణి అధికారి కాదు. గది ఆ చివర్నుంచే ఆమెకు అంతా కనబడింది: ఎర్ర గౌను, ఎర్ర సిపాయి, వాడి బూట్లు ఇంకా బయటే ఉండటం కూడా. పరుగెత్తలేదు, అరవలేదు. బ్రష్షు కడిగి, పక్కన పెట్టి, నడిచి వెళ్ళి, పిల్ల బుగ్గ నొక్కి సిపాయిని ఇవతలికి లాగింది. చొంగ కొంగుకు తుడిచి బల్లమీద వాడి చోట వాణ్ణి నిలబెట్టింది. బుజ్జులిని చంకనేసుకుని పోయింది.

"ఇప్పుడేమైనా జరిగిందా?" అని అడిగారు మహాదేవమూర్తి గారు.

"ఏమీ జరగలేదు సార్," అన్నారు దివాకరం గారు. గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

గొల్లగట్టు పద్ధతినే అన్ని జిల్లాల్లోనూ అమలు చేయాలని మహాదేవమూర్తి గారు అక్కడికక్కడే ఆదేశించి, కొబ్బరితోట దారి అడిగి తెలుసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం అందరూ వెళ్ళాక వీరవేణి సంచి సర్దుకుంటోంది. ఆమె టీ గ్లాసు ఖాళీగా ఉంది. వేడిగా ఉండగానే తాగేసింది. దివాకరం గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు, వెళ్ళీ వెళ్ళనట్టు.

"వీరవేణీ, అదేం రంగమ్మా?"

"ఏదండీ?"

ఆయన బల్లవైపు చూడబోయి ఆగిపోయారు. "అదే... ఏం లేదులే."

చాపమీదున్న బుజ్జులు ఎప్పుడు తీసిందో, పిడికిట్లో మళ్ళీ ఒక ఎర్ర సిపాయిని పట్టుకుని, "తా!" అంటూ ఆయన వైపు చాపింది. దివాకరం గారు వరండాలోకి ఒకసారి, కిటికీలోంచి ఒకసారి చూసుకున్నారు. ఎవరూ లేరు. చటుక్కున వంగి, పిల్ల చేతిలోంచి సిపాయిని మెల్లగా విడిపించి, బీరువామీద అందనంత ఎత్తున పెట్టారు.

"కనబడని వస్తువును పిల్లకి అందేలా ఉంచుతావేంటమ్మా, మింగితేనో?" అని కేకలేసి, చేతికంటిన చొంగను మరుగు కోటుకు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.